లివర్ వార్డులో చేరబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి,

అత్త ఆశీస్సులు.

లివర్ యూనిట్‌లో స్పెషలిస్ట్ నర్సుగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో సంతోషం ఎంతుందో టెన్షనూ అంతే ఉంది. నీకూ కాస్త బెరుగ్గా ఉందట. ఉండనీ, మొదట్లో ఆ మాత్రం బెరుకు ఉంటేనే ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తాం. జబ్బు గురించిన పాఠాలు, ప్రోటోకాల్స్ నీకు యూనిట్‌లో ఎలాగూ ఇస్తారు. మంచం పక్కన నిలబడి చూడాల్సిన సంగతులు కొన్ని నేను రాస్తాను.

లివర్ చాలాకాలం ఓర్చుకుంటుంది. సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం, వచ్చి ఏళ్లు గడిచినా కొందరికి ఆ సంగతే తెలియదు. తర్వాత ఒకరోజు పొట్టలో నీరు చేరడమో, కామెర్లో, రక్తపు వాంతో, మతి తప్పడమో మొదలవుతుంది. దాన్నే డీకంపెన్సేషన్ అంటారు. అక్కడిదాకా వచ్చిన మనిషి పొద్దున ఒకలా, సాయంత్రానికి మరోలా ఉండొచ్చు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు కాసేపే చూస్తారు, నువ్వు డ్యూటీ అంతా చూస్తావు. అందుకే నీ పేషెంటు మామూలుగా ఎలా ఉంటాడో ముందు తెలుసుకో. ఎలా మాట్లాడతాడు, ఎలా నడుస్తాడు, రాత్రి ఎప్పుడు పడుకుంటాడు, ఎంత తింటాడు. అవి తెలిసుంటేనే ఈరోజు వచ్చిన తేడా కంటికి ఆనుతుంది.

ఈ తేడా పట్టుకోవడం అన్నింటికన్నా ఎక్కువగా పనికొచ్చేది హెపాటిక్ ఎన్‌సెఫలోపతీలో. లివర్ శుభ్రం చేయలేకపోయిన అమ్మోనియా వంటివి మెదడు మీద పనిచేసి మనిషిని మార్చేస్తాయి. అది స్పృహ తప్పడంతో మొదలవదు. పగలు నిద్ర, రాత్రి మెలకువతో మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు వచ్చి, "సిస్టర్, రాత్రంతా నిద్ర లేదు, ఓ నిద్రమాత్ర ఇప్పించండి" అంటారు. అక్కడ ఆగు. ఆ మాత్రే అతన్ని కోమాలోకి నెట్టవచ్చు. ముందు అతనితో మాట్లాడు. ఈరోజు ఏ వారమో అడుగు. రెండు చేతులూ ముందుకు చాపించి, ట్రాఫిక్ పోలీసు ఆపినట్టు అరచేతులు పైకి ఎత్తించి, వేళ్లు విడదీయించి కొన్ని క్షణాలు అలాగే ఉంచమను. మణికట్టు దగ్గర చెయ్యి పట్టు తప్పి కిందికి జారి, మళ్లీ టక్కున లేస్తుంటే వెంటనే డాక్టరుకు చెప్పు.

ఇంకో చిన్న పని చెయ్యి. చదువుకున్న పేషెంటైతే రోజూ పొద్దున ఒకే కాగితం మీద పేరు, తేదీ రాయించు. నిన్నటి వరుస కింద ఈరోజుది ఉంటుంది కాబట్టి అక్షరాలు వంకర పోవడం, తేదీ తప్పడం ఇట్టే కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లను కూడా, "మనిషి మామూలుగానే ఉన్నాడా అమ్మా?" అని రోజూ అడుగు. నెమ్మదస్తుడైన మనిషి ఉన్నట్టుండి కసురుకుంటున్నాడంటే అది వాళ్లకే ముందు తెలుస్తుంది. వార్డులో మాత్రం అలాంటివాడికి "గొడవ పేషెంటు" అని పేరు పెట్టేస్తారు. నువ్వు పెట్టకు, పెట్టనివ్వకు.

మార్పు కనిపిస్తే కారణం వెతకడంలో కూడా నువ్వే ముందుండాలి. విరేచనం అయి ఎన్నాళ్లయింది? జ్వరం ఉందా? మలం నల్లగా వస్తోందా? మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందులు ఎక్కువై ఒంట్లో నీరు, పొటాషియం పడిపోయాయా? ఎన్‌సెఫలోపతీని రేపేవి ఎక్కువగా ఇవే. దీనికి ఇచ్చే విరేచనాల సిరప్ లాక్టులోజ్‌కి కొలత సీసా మీద ఉండదు, విరేచనాల లెక్కలో ఉంటుంది. రోజుకు 2 నుంచి 3 మెత్తటి విరేచనాలు కావాలి. ఒకటే అయితే డోసు చాలదు. ఆరేడు సార్లు నీళ్లలా పోతుంటే ఒళ్లు ఎండిపోయి, సోడియం తేడా చేసి, మళ్లీ మతే తప్పుతుంది. చాలామంది ఇంటికెళ్లాక, "మోషన్ బాగానే అవుతోంది కదా" అని సిరప్ మానేస్తారు. అది మలబద్ధకం మందని వాళ్ల లెక్క. అది మెదడు కోసం ఇస్తున్న మందని విడమరిచి చెప్పు. చెప్పాక వాళ్ల చేత తిరిగి చెప్పించుకో.

తిండి దగ్గర ఓ పాత నమ్మకం ఇంకా పోలేదు. లివర్ జబ్బుంటే ప్రోటీన్ పెట్టకూడదనేది. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. కండ కరిగితే అమ్మోనియాను ఖర్చుచేసే చోటూ తగ్గుతుంది. దెబ్బతిన్న లివర్ రాత్రికి సరిపడా గ్లైకోజెన్ (నిల్వ చక్కెర) దాచలేదు కాబట్టి ఖాళీ కడుపుతో గడిపిన ఒక్క రాత్రే వాళ్ల కండను తినేస్తుంది. పడుకునే ముందు ఏదో ఒకటి తినిపించు. స్కాన్ కోసం పొద్దుటినుంచి ఏమీ తినకుండా కూర్చోబెట్టి, మధ్యాహ్నానికి "రేపు" అంటారు చూడు, అక్కడ గట్టిగా అడుగు. మొదటి స్లాట్ ఇప్పించు, వాయిదా పడితే వెంటనే తినిపించు. ఇలా అడిగినందుకు నీ మీద విసుక్కున్నా ఫరవాలేదు.

పొట్టలో నీరున్నవాళ్లకు బరువు చూడటం చాలామంది మొక్కుబడిగా చేస్తారు. నా దృష్టిలో అంత విలువైన పరీక్ష మరోటి లేదు. అదే మిషను, అదే వేళ, మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫినుకు ముందు, అలాంటి బట్టలతోనే చూడు. మూత్రం మందులు వాడుతున్నప్పుడు కాళ్ల వాపు లేకపోతే రోజుకు అరకిలో, వాపు ఉంటే కిలో దాకా తగ్గవచ్చు. అంతకు మించి తగ్గుతుంటే కిడ్నీల మీద భారం పడుతోందేమో చూడమని చెప్పు. పొట్ట చుట్టుకొలత తీసేటప్పుడు టేపు పెట్టే చోట పెన్నుతో గీత గియ్యి. లేకపోతే ఒక్కో డ్యూటీలో ఒక్కో అంకె వస్తుంది, దేన్నీ నమ్మలేం.

పొట్టలోని నీరు సూదితో తీసేటప్పుడు 5 లీటర్లు దాటితే తీసిన ప్రతి లీటరుకు దాదాపు 8 గ్రాముల ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) ఎక్కిస్తారు. 8 లీటర్లు తీస్తే దాదాపు 64 గ్రాములన్నమాట. పొట్ట తేలికపడి పేషెంటు హాయిగా నవ్వుతుంటాడు, బీపీ చూడటం మాత్రం మానకు. పరీక్షకు పంపే నీటిని అక్కడే, మంచం దగ్గరే కల్చర్ బాటిల్‌లో (క్రిములను పెంచి చూసే సీసాలో) వేయాలి. ఆ నీటిలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) క్యూబిక్ మిల్లీమీటరుకు 250 దాటితే నీటికి ఇన్ఫెక్షన్ సోకినట్టే లెక్క, కల్చర్ రిపోర్ట్ కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఈ ఇన్ఫెక్షన్‌లో కొందరికి జ్వరమూ ఉండదు, నొప్పీ ఉండదు. మనిషి డల్‌గా ఉంటాడు, అంతే. ఆ డల్‌ని కూడా కేస్ షీట్‌లో రాయి.

రక్తపు వాంతి కంగారు పెట్టేదే. కానీ అది అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ పరుగెత్తుకొస్తారు. నల్లటి మలం సంగతి అలా కాదు, అడిగితేనే చెప్తారు. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది, అయితే రక్తం పోతున్న మలం తారులా జిగటగా ఉండి ప్రత్యేకమైన దుర్వాసన వేస్తుంది. మొహమాటపడకుండా నీ కళ్లతో చూడు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాళ్ల దరిదాపుల్లోకి రాకూడదు, కిడ్నీలు దెబ్బతింటాయి, రక్తస్రావమూ పెరుగుతుంది. పారాసిటమాల్ అంటే అందరూ భయపడతారు గానీ, డాక్టరు చెప్పినట్టు రోజుకు 2 గ్రాములు దాటకుండా వాడితే అదే మేలు.

ఇక నాకు కోపం తెప్పించే విషయం. డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌లో "తాగి తెచ్చుకున్న కేసు" అనే మాట నీ చెవిన పడుతుంది. హెపటైటిస్ బి, సి, కొవ్వు పేరుకోవడం, ఆటోఇమ్యూన్ జబ్బులు, పుట్టుకతో వచ్చేవి, ఇలా సిర్రోసిస్‌కి దారులు చాలా ఉన్నాయి. జీవితంలో చుక్క ముట్టనివాళ్లు కూడా వచ్చిన ప్రతి చుట్టానికీ సంజాయిషీ చెప్పుకుంటూ కుమిలిపోవడం చూశాను. తాగినవాళ్ల విషయంలోనూ అంతే, వ్యసనమూ జబ్బే. "ఎంత తాగుతావు?" అని నిలదీస్తే అబద్ధమే వస్తుంది. "చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు? మందులు సరిగ్గా ఇవ్వడానికి అడుగుతున్నాను" అంటే నిజం చెప్తారు.

ఆ నిజం మనకు చాలా అవసరం. తాగుడు ఆపిన కొన్ని గంటల్లోనే విత్‌డ్రాయల్, అంటే మందు అందక ఒళ్లు తిరగబడటం, మొదలవచ్చు. రెండు మూడు రోజులకు అది ప్రాణం మీదికీ రావచ్చు. విత్‌డ్రాయల్‌లో చేతులు సన్నగా, వేగంగా వణుకుతాయి, చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. ఎన్‌సెఫలోపతీలో చెయ్యి పట్టు తప్పి జారుతుంది, మనిషి మందగిస్తాడు. మొదటిదానికి మత్తుమందు అవసరం పడుతుంది, రెండోదానికి అదే ప్రమాదం. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. అందుకని వణుకుతున్నాడని రాసి ఊరుకోకుండా, ఎలా వణుకుతున్నాడో రాయి. ఇలాంటివాళ్లకు గ్లూకోజ్ పెట్టే ముందు థయామిన్ (విటమిన్ బి1) వెళ్లిందో లేదో చూసుకో.

దురద గురించి ఒక్కమాట. పైత్యరసం నిలిచిపోయినవాళ్లకు రాత్రిపూట వచ్చే దురద చర్మం చీల్చుకోవాలనిపించేంత ఉంటుంది. చిన్న విషయంగా తీసేయకు. దురదకు కొలెస్టిరమిన్ పొడి ఇస్తుంటే మిగతా మందులు దానికి గంట ముందో, నాలుగైదు గంటల తర్వాతో ఇవ్వు, లేకపోతే వాటిని ఆ పొడి పట్టేసుకుంటుంది.

"నాకు తగ్గుతుందా సిస్టర్?" అని అడిగేవాళ్లు ఉంటారు. అందరికీ లివర్ మార్పిడి దొరకదు, అందరి శరీరమూ దాన్ని తట్టుకోలేదు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు డ్రిప్ సరిచేస్తూ తప్పించుకోకు. కుర్చీ లాక్కుని కూర్చో. "డాక్టర్ గారు మీకేం చెప్పారు, మీకేం అర్థమైంది?" అని అడుగు. లేని ఆశ పెట్టకు, ఉన్న ఆశ తుంచకు. బాధలు తగ్గించి ఊరటనిచ్చే పాలియేటివ్ టీమ్‌ని ఆఖరి రోజుల్లో కాకుండా బాధలు ఎక్కువవుతున్నప్పుడే పిలవమని నువ్వే గుర్తుచెయ్యి. మార్పిడికి పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లకు కూడా వాళ్ల సాయం పనికొస్తుంది.

ఇంటివాళ్లు కంచాలు, గ్లాసులు వేరు పెడుతుంటే చూస్తూ ఊరుకోకు. హెపటైటిస్ బి, సి కలిసి తింటే అంటుకోవు. బ్లేడు, టూత్ బ్రష్ మాత్రం పంచుకోకూడదు. బి ఉన్న మనిషి ఇంట్లో అందరికీ పరీక్ష, అవసరమైనవాళ్లకు టీకా, పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు మొదటి డోసు అందేలా చూడు. సి వైరస్‌ని 1989లో గుర్తించారు. మా రోజుల్లో దానికి నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లం. జ్వరం, నీరసం, దిగులుతో సగంలో మానేసినవాళ్లు ఎందరో. ఇప్పుడు 8 నుంచి 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. భయపడుతూ వచ్చేవాళ్లకు ఈ మాట మొదటి రోజే చెప్పు.

సి కి టీకా లేదు, బి కి ఉంది. నీ మూడు డోసులూ పూర్తయ్యాయని మీ నాన్న అన్నాడు. ఆఖరి డోసు అయిన ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నావో లేదో వాడికి తెలియదట. ఆ అంకె 10 (mIU/mL) గానీ, పైన గానీ ఉండాలి. చేయించుకోకపోతే డ్యూటీలో చేరే ముందే యూనిట్‌లో అడిగి చేయించుకో. రిపోర్ట్ రాగానే నాకు ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
మీ అత్త