వెలెన్‌లో ముందు నేలను చూడండి, కత్తి తర్వాత తీయొచ్చు

విచర్ 3 వీడియో గేమ్‌లో మొదటి ప్రాంతం వైట్ ఆర్చర్డ్ ముగించుకొని తర్వాతి ప్రాంతం వెలెన్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి నది ఒడ్డున, అడవిలో, ఊళ్ళ బయట ఎటు పోయినా ఏదో ఒకటి మీదపడి చంపుతోందని రాశారు. దేనికి ఏం వాడాలో అర్థం కావట్లేదని, ముందు చిన్నాచితకా వాటిని చంపుతూ లెవెల్ పెంచుకోవాలా అని అడిగారు. నాకు బాగా ఇష్టమైన ఆట, అందులోనూ బాగా ఇష్టమైన ప్రాంతం ఇది. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు: ఆ పని పెట్టుకోకండి. ఈ ఆటలో మృగాలను చంపితే వచ్చే పాయింట్లు చాలా తక్కువ, లెవెల్ పెరిగేది దాదాపుగా క్వెస్టుల (ఆట మీకు అప్పగించే పనుల) వల్లే. పొద్దంతా ఒడ్డున నిలబడి డ్రౌనర్లనే నీటి రాక్షసులను నరికినా ఒక మంచి క్వెస్టు ఇచ్చినంత రాదు. దేని పక్కనైనా ఎర్ర పుర్రె గుర్తు కనిపిస్తే దాని జోలికి పోకుండా గుర్రం తిప్పేయండి, తర్వాత రావొచ్చు. మిగతా వాటికి మీ చేతిలో ఇప్పుడున్న సామానే చాలు. వెలెన్‌లో ఏ మృగాన్నీ ఊరికే తెచ్చి పెట్టలేదు. ప్రతిదానికీ అక్కడ ఉండటానికి ఒక కారణం ఉంది, ఆ కారణం నేల మీదే కనిపిస్తుంది. అది పట్టుకుంటే సగం పోట్లాటలు మొదలయ్యే ముందే మీ చేతిలో ఉంటాయి.

మీరు వైట్ ఆర్చర్డ్‌లో చంపిన గ్రిఫిన్ అనే రెక్కల మృగాన్నే తీసుకోండి. వేటగాడు మిస్లావ్ మిమ్మల్ని దాని గూటి దగ్గరికి తీసుకెళ్ళాడు కదా. దండెత్తి వచ్చిన నిల్ఫ్‌గార్డ్ సైనికులు దాని జోడును నిద్రలో ఉండగా చంపారని, మగది అందుకే మనుషుల మీద పడుతోందని అక్కడ తెలుస్తుంది. దాన్ని రప్పించడానికి ఏటి అడుగున దొరికే బక్‌థార్న్ మొక్క కంపు వాడారు. అదే మిస్లావ్ తన వెంట ఏ వేటకు రమ్మన్నాడో గుర్తు తెచ్చుకోండి, అడవి కుక్కల వేటకు. ఆట మొదట్లోనే మీకు పాఠం చెప్పేసింది: ముందు జాడ చూడు, కారణం తెలుసుకో, ఆ తర్వాత కత్తి తీయి. వెలెన్‌లో ఈ పాఠం చెప్పేవాళ్ళు ఉండరు, అంతే తేడా.

వెలెన్ అంటే రెండు సైన్యాల మధ్య నలిగిపోయిన నేల. పోయినవాళ్ళను పూడ్చినవాళ్ళు లేరు. అందుకే అక్కడ శవాలు తినే జాతి అంత ఎక్కువ. ఆటలో వీటన్నిటినీ కలిపి నెక్రోఫేజ్‌లు అంటారు. ఘూల్, ఆల్‌ఘూల్, రాట్‌ఫీండ్, డ్రౌనర్, వాటర్ హ్యాగ్ అన్నీ ఈ కుదురువే. అంటే కత్తికి పూసే నెక్రోఫేజ్ ఆయిల్ ఒక్కటి చేసుకుంటే వెలెన్‌లో మిమ్మల్ని చంపేవాటిలో పెద్ద భాగానికి మందు దొరికినట్టే. మొదటి రకం ఆయిల్ 10 శాతం దెబ్బ పెంచుతుంది, 20 దెబ్బల దాకా కత్తి మీద ఉంటుంది. 10 శాతమేగా అనుకోవద్దు. గుంపుతో తలపడ్డప్పుడు ఒక్కోదానికి ఒక దెబ్బ తగ్గినా, మీరు తినే దెబ్బలు అంతకంతా తగ్గుతాయి.

విరిగిన బండ్లు, జెండా కర్రలు, వాలిన కాకులు కనిపిస్తే అది పాత యుద్ధభూమి, అక్కడ ఘూల్‌లు ఉంటాయని లెక్క. ఘూల్‌తో ఒక చిక్కుంది. మీరు దాదాపు చంపేశాననుకునేసరికి రెచ్చిపోయి గర్జిస్తుంది, హెల్త్ బార్ మీ కళ్ళముందే మళ్ళీ నిండటం మొదలవుతుంది. ఆ క్షణంలో చాలామంది కంగారుగా ఇంకా గట్టిగా నరుకుతారు. ఆక్సీ అనే సైన్ (చేతి సైగతో వేసే చిన్న మంత్రం) వేయండి చాలు, దాని ఆవేశం దిగిపోతుంది. ఆల్‌ఘూల్ విషయంలో ఇది తప్పనిసరి. దాని వీపు మీద ముళ్ళు లేచి ఉన్నప్పుడు కొడితే గాయం మీకే. ఆక్సీతో ముళ్ళు వాలిపోతాయి, అప్పుడు కొట్టండి. రాట్‌ఫీండ్ చచ్చేముందు పేలిపోతుంది, కాబట్టి అది ఒణకడం మొదలుపెట్టగానే వెనక్కి జరగండి. దాని పక్కనే ఇంకోటి ఉంటే ఆ పేలుడు మీకు సాయమే.

ఇక నీళ్ళు. మీరు ఎక్కువగా చచ్చిపోతున్నది ఇక్కడే అని మీ మాటల్లో అర్థమైంది. ఊరి రేవు దగ్గర, పడవలు కట్టే చోట, మడుగుల పక్కన డ్రౌనర్లు లేకపోతే ఆశ్చర్యపోవాలి. ఇవి ఒక్కటొక్కటిగా బలహీనమైనవి, కానీ ఒంటరిగా రావు. మీరు ముందున్న దాన్ని కొడుతుంటే నీళ్ళల్లోంచి ఇంకో రెండు లేచి వెనక నుంచి దూకుతాయి. అందుకని నీటి అంచున నిలబడి కొట్టకండి. వాటి కంట పడి, ఒడ్డు మీదికి, గట్టి నేల మీదికి వెనక్కి రండి. అవి వరసగా వస్తాయి. అన్నీ ముందుకు చేరాక నిప్పు సైన్ ఇగ్నీ వేస్తే నిప్పంటుకొని ఒకటి రెండు అల్లాడిపోతాయి, ఆ సందులో పని ముగించొచ్చు. దూకేటప్పుడు పక్కకు చిన్న డాడ్జ్ చాలు, పొర్లితే కొట్టే అదను పోతుంది. మీరే నీళ్ళలో ఈదుతుంటే మాత్రం కథ వేరు. నీటి లోపల క్రాస్‌బో బాణం డ్రౌనర్ల మీద విపరీతంగా పనిచేస్తుంది, ఒడ్డున గుంపు చూసి భయపడేవాళ్ళు నీటి అడుగున దొరల్లా తిరగొచ్చు.

చంపాక ప్రతి డ్రౌనర్‌నూ వెతకండి. దాని మెదడు కావాలి. డ్రౌనర్ మెదడు ఒకటి, సెలాండిన్ మొక్కలు ఐదు, డ్వార్వెన్ స్పిరిట్ అనే సారా ఒకటి కలిస్తే హెల్త్ నింపే స్వాలో మందు. ఒక్కసారి చేసుకుంటే చాలు, ఆ తర్వాత సారా దగ్గరుంచుకొని ధ్యానంలో కూర్చుంటే సీసాలు మళ్ళీ నిండుతాయి. మీరు ఆటను ఏ కష్టస్థాయిలో ఆడుతున్నారో రాయలేదు. అన్నిటికంటే కష్టమైన డెత్ మార్చ్ అయితే ధ్యానం హెల్త్ నింపదు, స్వాలో లేకుండా వెలెన్‌లో తిరగడమే వృథా.

క్రూక్‌బ్యాక్ బురద వైపు పోతే నీళ్ళ జాతి ముదురుతుంది. వాటర్ హ్యాగ్ బురదలో మునిగి మీ వెనక తేలుతుంది, దూరం నుంచి బురద విసిరి కళ్ళు కమ్మేస్తుంది. అక్కడ కవచంలా కాపాడే సైన్ క్వెన్ వేసుకోకుండా అడుగు పెట్టకండి. పొగమంచు ఉన్నట్టుండి చిక్కబడి మెడలో పతకం అదిరితే అది ఫాగ్‌లెట్. అది కనిపించేదాకా గాలిలో కత్తి తిప్పకుండా క్వెన్‌తో ఆగండి, మూన్ డస్ట్ బాంబు ఉంటే ఇంకా మేలు.

అడవి సంగతికి వస్తే, నాకు ఈ ఆట నచ్చడానికి అసలు కారణం అక్కడే ఉంది. మాది హన్మకొండ, అమ్మ పుట్టిల్లు తాడ్వాయి అవతల, ఏటూరునాగారం అభయారణ్యం అంచున. ఎండాకాలం సెలవులకు అక్కడికే పోయేవాళ్ళం. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారుజామున పూలు ఏరడానికి పోయేవాళ్ళు, తర్వాత తునికాకు కోతకు పోయేవాళ్ళు అందరికంటే ఎక్కువ భయపడేది పులికి కాదు, గుడ్డెలుగుకి. అదీ ఇప్పపూల కోసమే వస్తుంది, అదే వేళకు వస్తుంది. పొద మలుపులో ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. మా మేనమామ ఒంటరిగా పోనిచ్చేవాడు కాదు. “సప్పుడు చేసుకుంట పోవాలె బిడ్డా, దానికి మనం వస్తున్నమని తెల్వాలె. తెలిస్తే అదే పక్కకు పోతది” అనేవాడు. ఇప్పచెట్టు మొదట్లో తిన్న పూల ఆనవాళ్ళు, చెదపుట్టలో గోళ్ళతో తవ్విన గుంత చూపించి, మట్టి ఇంకా తడిగా ఉంటే ఆ దారి వదిలేసేవాడు. ఆ గుంత పక్కన వేలి పొడవు గోళ్ళ గీతలు మట్టిలో వరసగా, ఎవరో పలుగుతో గీకినట్టు ఉండేవి. చూస్తే ఇప్పటికీ అడుగు ముందుకు పడదు నాకు.

అడవిలో మృగం మనకోసం కాచుకొని కూర్చోదు, తన తిండి కోసం, తన పిల్లల కోసం అక్కడుంటుంది. వెలెన్‌ను చేసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు అనిపిస్తుంది నాకు. అక్కడ తోడేళ్ళు జింకలు తిరిగే చోట ఉంటాయి. జింకలు ఒక్కసారిగా ఒక దిక్కుకు పరుగెత్తితే ఏదో వాటిని తరిమిందని అనుమానించి ఆగండి. ఊరి పొలిమేరల్లో అడవి కుక్కలు, ఊరికి దూరంగా తోడేళ్ళు, ఇంకా లోపలికి పోతే ఎలుగు. తోడేళ్ళు చుట్టూ తిరిగి, ఒకటి ముందు నుంచి ఆశపెడుతుంటే ఇంకోటి కాళ్ళ వెనక నుంచి అందుకుంటుంది. మన కవ్వాల అడవుల్లో రేసుకుక్కలు వేటాడే పద్ధతి గురించి విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. వీపును ఒక బండకో లావు చెట్టుకో ఆనించి నిలబడితే సగం బాధ తీరుతుంది. ఈ మూడింటికీ వాడాల్సింది ఉక్కు కత్తే, వెండి కత్తి రాక్షసులకు. మీరు ఆడే పాత్ర గెరాల్ట్ మామూలుగా సరైనదే తీస్తాడు, కానీ ఆయిల్ పూసేటప్పుడు ఏ కత్తికి పూస్తున్నారో చూసుకోండి. బీస్ట్ ఆయిల్ ఉక్కు కత్తికి, నెక్రోఫేజ్ ఆయిల్ వెండి కత్తికి. ఎలుగు దెబ్బను కత్తి అడ్డం పెట్టి ఆపలేరు, క్వెన్ వేసుకొని పక్కకు తప్పుకుంటూ వెనక వైపు కొట్టాలి. ఆయిళ్ళకు కావాల్సిన కుక్క కొవ్వు ఆ అడవి కుక్కల దగ్గరే దొరుకుతుంది, చంపిన దాన్ని వెతక్కుండా పోకండి.

నేల మీద బొరియలు, చుట్టూ ఎముకలు కనిపిస్తే నెక్కర్లు. వీటిని చంపుతూ పోతే తరగవు, గూడు పేల్చాలి. గ్రేప్‌షాట్ గానీ డాన్సింగ్ స్టార్ గానీ ఒక్క బాంబు చాలు. ముందు గూటి చుట్టూ ఉన్నవాటిని తోసిపడేసే సైన్ ఆర్డ్‌తో పడేసి దారి చేసుకోండి.

ఇంకొక మాట, అడగకపోయినా చెప్తాను. పాలిచ్చే ఆవులను, కొలను బాతులను ఊరికే నరకొద్దు. వైట్ ఆర్చర్డ్‌లో కొందరు ఆవులను చంపి తోళ్ళమ్మి డబ్బు చేసుకుంటున్నారని, తర్వాతి అప్‌డేట్‌లో ఆవులను చంపేవాళ్ళ మీదికి చోర్ట్ అనే పెద్ద మృగాన్ని వదిలారు. ఆ నిర్ణయం నాకు చాలా నచ్చింది. జంతువుకు విలువ లేని అడవిని ఎంత అందంగా గీసినా అది బొమ్మే.

ఇప్పుడు మీరు చేయాల్సింది: దగ్గర్లోని సత్రం వాడి దగ్గర, మూలికలమ్మే వాళ్ళ దగ్గర మృగాల గురించిన పుస్తకాలుంటే కొని చదవండి. చదవగానే బెస్టియరీలో, అంటే ఆటలోని మృగాల చిట్టాలో, ఆ మృగం పేజీ తెరుచుకొని దేనికి ఏ ఆయిల్, ఏ సైన్ పనిచేస్తుందో చెప్తుంది. ఆ తర్వాత నెక్రోఫేజ్ ఆయిల్, బీస్ట్ ఆయిల్, స్వాలో ఈ మూడూ చేసుకొని బయల్దేరండి. మీ గుర్రం రోచ్ మీద ఉన్నప్పుడు దాని భయం మీటర్ నిండుతుంటే అది మిమ్మల్ని పడేసేదాకా ఆగకండి, మీరే ముందు దిగి నేల మీద నిలబడి పోట్లాడండి. నది దాటే దారిలో ఏ రేవు దగ్గర ఆగిపోయారో రాస్తే, ఆ చోటుకు తగ్గట్టు చెప్తాను.