1982లో ఫాక్‌లాండ్స్ మీద అర్జెంటీనా చేసిన దాడికి బ్రిటన్ ఎందుకు సిద్ధంగా లేదు?

దక్షిణ అట్లాంటిక్‌లో తన పాలనలో ఉన్న ఫాక్‌లాండ్స్ దీవులు తమవేనంటూ అర్జెంటీనా చేసే బెదిరింపులు ఏళ్ల తరబడి వింటూ వచ్చిన బ్రిటన్ ప్రభుత్వం, ఈసారీ అవి మాటలతోనే ఆగిపోతాయనుకుంది. దౌత్యం తెగిపోతే ముందు ఆర్థిక ఒత్తిడి వస్తుంది, సైనిక దాడి అంటూ ఉంటే అది చివర్లోనే అని అధికారుల లెక్క. ఏప్రిల్ 2న అర్జెంటీనా సేనలు దిగేసరికి దీవుల్లో ఉన్నది వంద మందికి లోపు రాయల్ మెరైన్లు (బ్రిటన్ నౌకాదళ సైనికులు).

పైగా లండన్ పంపిన సంకేతాలూ అలాగే ఉన్నాయి. 1981 రక్షణ సమీక్షలో ఖర్చు తగ్గించడానికి, ఆ సముద్రంలో గస్తీ తిరిగే ఎండ్యూరెన్స్ నౌకను తీసేస్తామని ప్రకటించారు. ఆయుధాల పరంగా అది పెద్ద నౌకేమీ కాదు. కానీ 'ఇది మాది' అని చెప్పే జెండా అదే కదా! బ్రిటన్‌కు ఈ దీవుల మీద ఆసక్తి పోయిందని అర్జెంటీనా సైనిక పాలకులు అర్థం చేసుకున్నారు. విచిత్రమేమిటంటే, నౌకను తీసేయొద్దని వాదించిన విదేశాంగ మంత్రి లార్డ్ కారింగ్టనే దాడి తర్వాత బాధ్యత వహించి రాజీనామా చేశారు.

దాదాపు 13,000 కిలోమీటర్ల దూరం కాబట్టి ముందుగా ఏమీ చేయలేకపోయారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1977లో ఇలాంటి అనుమానమే వస్తే, అప్పటి బ్రిటన్ ప్రధాని కాలహాన్ ప్రభుత్వం ఒక అణు జలాంతర్గామినీ రెండు ఫ్రిగేట్ యుద్ధనౌకలనూ గుట్టుగా అటు పంపింది.