యాడ్‌లో వెలిగినట్టు మా ఇంట్లో ఎందుకు వెలగట్లేదు?

ప్రశ్న: ఎడిటర్ గారూ, టీవీలో ఎల్ఈడీ బల్బు యాడ్ ఒకటి వస్తోంది కదా, గదంతా మసగ్గా ఉంటుంది, పిల్లాడు కళ్ళు చికిలించుకుని చదువుతుంటాడు, వాళ్ళమ్మ బల్బు మార్చగానే గోడలు కూడా అప్పుడే రంగులేసినట్టు మెరిసిపోతాయి, కింద "85 శాతం కరెంటు ఆదా" అని పడుతుంది. అది చూసి ఇల్లంతా మార్చేశాం. వెలుగులో అంత తేడా ఏం లేదు, బిల్లూ పెద్దగా తగ్గలేదు. మోసమేనా ఇది?

జవాబు: మోసం అనేముందు ఒక్క మాట చెప్పండి, మీ హోల్డర్లలో అంతకుముందు ఏ బల్బులున్నాయి? మీరది రాయలేదు, కిటుకంతా అక్కడే ఉంది. 85 అనేది ఊరికే వేసిన అంకె కాదు, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసేసి 9 వాట్ల ఎల్ఈడీ పెడితే 51 వాట్లు మిగులుతాయి, సరిగ్గా 85 శాతమే. రోజుకి 5 గంటలు వెలిగినా ఏడాదికి 93 యూనిట్లు, తక్కువేం కాదు. ఆ పాత బల్బు తాగే కరెంటులో వెలుగయ్యేది 5 శాతం అటూఇటూ, మిగతాదంతా వేడికే పోతుంది, ముట్టుకుంటే వేలు చుర్రుమనేది అందుకే. కానీ మీ ఇంట్లో అప్పటికే 15 వాట్ల సీఎఫ్ఎల్ (మెలికలు తిరిగిన తెల్ల గొట్టం బల్బు) ఉండుంటే మిగిలేది 6 వాట్లే, అంటే బల్బుకి ఏడాదికి 11 యూనిట్లు. ఫ్రిజ్, గీజర్ తాగే కరెంటు ముందు ఆ 11 ఎక్కడ కనపడతాయండీ! దేంతో పోల్చారో అనేది ఇలాంటి యాడ్స్‌లో కింద చిన్న అక్షరాల్లో వచ్చి, మనం కళ్ళజోడు వెతుక్కునేలోపు పోతుంది.

ఇక వెలుగు సంగతికొస్తే, టీవీలో మీకు కనపడే వెలుగు ఆ బల్బుది కాదు, మీ టీవీది. స్క్రీన్ తను ఇవ్వగలిగినంతే ఇస్తుంది, బల్బు ఎంత మంచిదైనా అంతకుమించి చూపించలేదు. మసక గదీ మెరిసే గదీ కెమెరా సెట్టింగ్‌తోనే వచ్చేస్తాయి. నేనే ఓసారి ఫోన్‌తో చేసి చూశా, లైటు మార్చలేదు ఏం లేదు, ఫొటో తీసేటప్పుడు పక్కన ఓ చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది కదా, దాన్ని వేలితో కిందకి లాగితే మా హాలు గుహలా ఉంది, పైకి జరిపితే పెళ్ళిపందిరిలా ఉంది, యాడ్ రెడీ. అందుకని బల్బు కొనేటప్పుడు పెట్టె మీద వాట్లు కాదు, ల్యూమెన్లు చూడండి. వాట్లు చెప్పేది ఎంత తాగుతుందని, ల్యూమెన్లు చెప్పేది ఎంత వెలుగిస్తుందని. పాత 60 వాట్ల బల్బు ఇచ్చేది 700-800 ల్యూమెన్లు, అంతకంటే తక్కువున్నది పెట్టి వెలుగు రాలేదంటే బల్బు మాత్రం ఏం చేస్తుంది.

ప్రశ్న: 25,000 గంటలు వస్తుందని యాడ్‌లో చెప్పారు సార్, మాది ఏడాది తిరక్కుండానే పోయింది.

జవాబు: రోజుకి 5 గంటల లెక్కన 25,000 గంటలంటే 13 ఏళ్ళు దాటుతుంది, వినడానికి బావుంటుంది. మామూలుగా ఆ అంకెకి అర్థం వెలుగు తగ్గుతూ తగ్గుతూ మొదట్లో ఉన్నదానిలో 70 శాతానికి వచ్చేదాకా అని, అదీ ఎల్ఈడీ చిప్‌ల సంగతి. అవి నిదానంగా మసకబారతాయి, కానీ వాటికి కరెంటు అందించే డ్రైవర్ అని ఓ చిన్న సర్క్యూట్ ఉంటుంది చూశారూ, చాలాసార్లు ముందు పోయేది అదే, దాన్ని చంపేది వేడి. మీ బల్బు మూతున్న గాజు డోమ్‌లో పెట్టారేమో చూడండి, అందులో వేడి బయటికి పోయే దారుండదు. మా ఇంట్లో పోయినదాన్ని హోల్డర్లోంచి తీసి పైన తెల్ల టోపీ ఊడదీసి చూస్తే పసుపు చుక్కల్లాంటి చిప్‌లు గుండ్రంగా ఉన్నాయి, ఒక్కదాని మీద మాత్రం ఆవగింజంత నల్లమచ్చ. అన్నీ ఒకే వరసలో కలిపి ఉంటే ఆ ఒక్కటి మాడితే చాలు, మిగతావి బాగున్నా వెలగవు.

ప్రశ్న: పసుపు వెలుగిచ్చేవి కరెంటు ఎక్కువ తాగుతాయా?

జవాబు: లేదండీ, 9 వాట్లంటే 9 వాట్లే, రంగు ఏదైనా. పెట్టె మీద 2700 కెల్విన్ అని ఉంటే పసుపు, 6500 అని ఉంటే తెలుపు. తమాషా ఏంటంటే మామూలుగా రెండిట్లోనూ లోపల పుట్టేది నీలం వెలుగే, పైన పూసిన పసుపు పూత దాన్ని మారుస్తుంది. ఆ నీలం ఎల్ఈడీని బాగా వెలిగేలా తయారుచేసినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. పడగ్గదిలో నాకైతే పసుపే ఇష్టం.