పెయ్య ఎదకు రాకపోతే లోపం ముక్కులో ఉందా?

ప్రశ్న: మా జెర్సీ సంకర జాతి పెయ్యకు మూడేళ్లు నిండినా ఎదకు రాలేదు. ఎదకు రప్పించే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను ఇంజెక్షన్ రెండుసార్లు వేయించినా ఫలితం లేదు. ఆ హార్మోను తయారుచేసే కణాలు పిండం ముక్కులో పుడతాయని మా అబ్బాయి చదివాడు. పుట్టుకతోనే ముక్కులో లోపం ఉందేమోనని భయంగా ఉంది. మేత వరిగడ్డి, గట్ల మీది పచ్చిక. దాణా ఎప్పుడో ఒకసారి. దాణాలో నట్టల మందు కలిపితే వాసన చూసి వదిలేస్తుంది. ఛాతీ చుట్టుకొలత 54 అంగుళాలు, భుజం నుంచి తుంటి వరకు పొడవు 46 అంగుళాలు. అమ్మేయమంటారా?
– ఒక రైతు, గుణుపూర్, రాయగడ జిల్లా, ఒడిశా

జవాబు: అప్పుడే అమ్మకండి. మీ అబ్బాయి చదివింది నిజమే. ఇంత లోతుగా ఆలోచించి అడిగినందుకు సంతోషం.

పిండం తల ముందు భాగంలో పైపొర రెండు చోట్ల మందమై, గుంట పడి ముక్కు లోపలి పొరగా మారుతుంది. అందులో ఒక్కో రకం కణానిది ఒక్కో పని. వాసన పట్టే నాడీకణాలు ఉంటాయి, వాటికి ఆసరాగా నిలిచే కణాలు ఉంటాయి. అడుగున ఉండే మూలకణాలు అరిగిపోయిన నాడీకణాల స్థానంలో జీవితాంతం కొత్తవాటిని పుట్టిస్తుంటాయి. ఇక్కడే పుట్టే మరో చిన్న గుంపు మాత్రం ముక్కులో ఉండిపోదు. నాడీ పోగుల వెంట మెదడులోకి చేరి, దాని అడుగుభాగమైన హైపోథాలమస్ ప్రాంతంలో స్థిరపడుతుంది. ఎలుక పిండాల్లో ఈ ప్రయాణాన్ని 1989లో గుర్తించారు. ఎలుకలో ఈ కణాలు దాదాపు వెయ్యి మాత్రమే. అవి విడుదల చేసే జీఎన్‌ఆర్‌హెచ్ పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తేనే అండాశయం పని మొదలుపెడుతుంది.

మనుషుల్లో ఈ ప్రయాణం మధ్యలో ఆగితే కాల్‌మన్ సిండ్రోమ్ వస్తుంది. వాసన తెలియదు, యుక్తవయసు రాదు. అది అరుదు. మందు కలిపిన దాణాను వాసనతోనే పసిగట్టే మీ పెయ్యలో ముందుగా దాన్ని అనుమానించనక్కర్లేదు.

అసలు సంగతి మీరు పంపిన కొలతల్లోనే ఉంది. చుట్టుకొలతను చుట్టుకొలతతో, వచ్చినదాన్ని పొడవుతో గుణించి 660తో భాగిస్తే బరువు కిలోల్లో తెలుస్తుంది. మీ పెయ్యది సుమారు 203 కిలోలు. ఈ జాతికి 250 కిలోలైనా ఉండాలి. ఒంట్లో శక్తి చాలకపోతే మెదడులోని ఆ కణాలే హార్మోను విడుదలను తగ్గించేస్తాయి. బక్కచిక్కిన పశువుకు బయటినుంచి ఇంజెక్షన్ ఇచ్చినా అండాశయం సరిగా స్పందించదు. మూడోసారి వేయించకండి.

ముందు పేడ పరీక్ష చేయించండి. వంశధార పక్కన తడి నేలల్లో మేస్తుంటే కార్జపు జలగలు పట్టే అవకాశం ఉంది. మందును దాణాలో కలపకుండా, తల మరీ పైకెత్తకుండా తాగించండి. రోజుకు 2 కిలోల దాణా, 15 కిలోల పచ్చిమేత, 30 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి. గట్ల మీద హైబ్రిడ్ నేపియర్ నాటుకుంటే మేత ఖర్చు తగ్గుతుంది. ఇలా మేపితే నాలుగైదు నెలల్లో బరువు అందుకోవచ్చు.

ఒక్క విషయం గుర్తు తెచ్చుకోండి. ఇది కోడెదూడతో కవలగా పుట్టిందా? అలాంటి పెయ్యల్లో 100కు 90కి పైగా గొడ్డువే. అలాగైతే మేత మీద ఖర్చు పెట్టేముందే పశువైద్యునితో పరీక్ష చేయించండి.

250 కిలోలు దాటాక తెల్లవారుజామున, పొద్దుగూకాక మానం నుంచి జిగట తీగలు వేస్తోందేమో గమనించండి. రెండు నెలలైనా ఎద కనిపించకపోతే 10 రోజుల తేడాతో రెండుసార్లు అండాశయాలను పరీక్ష చేయించండి. ఇంజెక్షన్ అవసరమో కాదో అప్పుడు తేలుతుంది.