టెక్ సందేహాలు: యాప్ వేసే మార్కులు చూడాలా, డబ్బా వెనక రాసింది చదవాలా?

ప్రశ్న: నేను పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తానండి. మొన్నటి పెళ్లిళ్ల సీజన్‌లో ఒక అమ్మాయికి మేకప్ వేసిన మర్నాడు కనురెప్పలు వాచిపోయాయి. వాళ్ల బంధువుల్లో ఒకరు ఫోన్లో ఏదో యాప్ తీసి నా ఫౌండేషన్ బార్‌కోడ్ స్కాన్ చేస్తే వందకి 30 మార్కులు వచ్చాయి. "ఇదేనా మీరు పూసింది?" అని అందరి ముందూ అడిగేసరికి నాకు నోట మాట రాలేదండి. క్రీముల్లో, రంగుల్లో ఏమున్నాయో సరిగ్గా చెప్పే యాప్ ఏది?
ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఆ 30 మార్కులు చూసి మీరు తలదించుకోనక్కర్లేదమ్మా. ఆ అమ్మాయి రెప్పలు ఎందుకు వాచాయో ఆ యాప్‌కి తెలిసే వీలే లేదు. ఇలాంటి యాప్‌లు బార్‌కోడ్ నంబరు పట్టుకుని తమ జాబితాలో వెతుకుతాయి. అక్కడ ఎవరో ఎప్పుడో ఎక్కించిన పదార్థాల పట్టీ దొరికితే, వాటిలో తమకు నచ్చనివాటికి మార్కులు కోస్తాయి. ఒకే పేరుతో అమ్మే ఫౌండేషన్‌లో దేశాన్ని బట్టి పదార్థాలు మారొచ్చు. పైగా ఏది ఎంత మోతాదులో కలిపారో కంపెనీలు బయటపెట్టవు. చిటికెడు ఉందో చెంచాడు ఉందో తెలియకుండా వేసిన మార్కులవి. అమెరికాలోని ఈడబ్ల్యూజీ అనే సంస్థ వాళ్ల స్కిన్ డీప్ జాబితానే చూడండి. 1 నుంచి 10 దాకా అంకెలిస్తుంది, 1 వస్తే మంచిదని అందరూ ధీమాగా ఉంటారు. ఆ పదార్థం గురించి సమాచారం ఎంత ఉందో కూడా ఆ పక్కనే విడిగా చెబుతుంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ. పరిశోధన పెద్దగా జరగని పదార్థానికి కూడా మంచి అంకె రావచ్చు.

మీ వృత్తికి మార్కులు వేసే యాప్ కన్నా పేర్లు వెతికిపెట్టే పద్ధతి ఎక్కువ ఉపయోగం. ఫోన్‌తోనే చేసుకోవచ్చు. డబ్బా వెనక ఇంగ్రీడియంట్స్ అని ఉన్నచోట వెలుతురులో దగ్గరగా ఫొటో తీయండి. గూగుల్ లెన్స్‌లో ఆ ఫొటో తెరిచి అక్షరాలను కాపీ చేసి, ఇన్సీడీకోడర్ వెబ్‌సైట్‌లో పేస్ట్ చేయండి. ఏ పదార్థం ఎందుకు కలిపారో ఒక్కొక్కటిగా విడమరిచి చెబుతుంది. గుండ్రటి సీసా మీద అక్షరాలు వంగి ఉంటాయి కాబట్టి లెన్స్ తప్పులు చదువుతుంది. లైను చివర విరిగిన పొడుగు పేర్లను రెండు పేర్లుగా చూపిస్తుంది. పేస్ట్ చేశాక ఒకసారి డబ్బాతో సరిచూసుకోండి. ఓపెన్ బ్యూటీ ఫ్యాక్ట్స్ కూడా మంచిదే, వలంటీర్లు నింపే ఉచిత జాబితా. మన దగ్గర దొరికే సరుకు అందులో లేకపోతే మీరే ఫొటో పెట్టి చేర్చవచ్చు.

లేబుల్ చదవడం తెలిస్తే మాత్రం సగం పనికి యాప్ అక్కర్లేదు. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం 1 శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకన్నా తక్కువున్నవాటిని వాటి తర్వాత ఏ వరసలోనైనా రాయొచ్చు. ఆ 1 శాతం గీత ఎక్కడుందో లేబుల్ మీద కనబడదు గానీ, పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఫినాక్సీఎథనాల్ అనే ప్రిజర్వేటివ్ చాలా క్రీముల్లో ఉంటుంది. యూరప్ నిబంధనల్లో దానికి గరిష్ఠ పరిమితి 1 శాతం. కాబట్టి ఆ పరిమితి పాటించిన డబ్బా మీద దాని తర్వాత రాసినవి, చివర విడిగా ఇచ్చే రంగులు తప్ప, 1 శాతానికి మించనివే. డబ్బా ముందు వైపు కుంకుమపువ్వు బొమ్మ పెద్దగా వేసి, వెనక క్రోకస్ సటైవస్ అనే పేరు ఫినాక్సీఎథనాల్ తర్వాత ఎక్కడో చివర ఉందంటే ఆ బొమ్మకి ఎంత విలువివ్వాలో మీకే తెలుస్తుంది.

మరి కాటుక, లిప్‌స్టిక్, రెప్పల గమ్ లాంటివాటి మీద పట్టీయే ఉండదే అంటారా? అదే రూల్స్‌లో చిన్న ప్యాకులకు మినహాయింపు ఉంది. ద్రవాలైతే 60 మిల్లీలీటర్లు, గట్టివీ ముద్దలాంటివీ అయితే 30 గ్రాముల లోపు వాటికి పదార్థాల పట్టీ తప్పనిసరి కాదు. కళ్ల దగ్గర వాడేవన్నీ దాదాపు ఆ కొలతలోపే ఉంటాయి. ఇది నాకు అస్సలు నచ్చని మినహాయింపు. అలాంటివి కొనేముందు కంపెనీ వెబ్‌సైట్‌లో పట్టీ ఉందో లేదో చూడండి. అక్కడా లేకపోతే పెళ్లికూతురి కంటికి వాడొద్దు.

ఇక రెప్పల వాపు సంగతి. ఫౌండేషన్ కంటే ముందు నేను రెప్పల గమ్‌ని అనుమానిస్తాను. కొన్నింటిలో లేటెక్స్ ఉంటుంది, అది కొందరికి పడదు. ఆ తర్వాత అడగాల్సింది, పెళ్లికి ముందు ఆ అమ్మాయి జుట్టుకు రంగు వేసుకుందా, చేతికి నల్ల మెహందీ పెట్టుకుందా అని. జుట్టు రంగుల్లో, కొన్ని నల్ల మెహందీల్లో వాడే పారాఫినైలిన్‌డయామిన్ అనే రసాయనం పడనివాళ్లకు తలకు వేసిన రంగు వల్ల రెప్పలు, ముఖం వాచడం మామూలే. అది ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది కాబట్టి నింద మేకప్ మీదికి వస్తుంది. ఆ అమ్మాయిని చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోమనండి. ఏది పడలేదో పేరుతో సహా తెలుస్తుంది.

ఆ పేరు తెలిశాక ఫోన్ అసలు పని మొదలవుతుంది. మీ కిట్‌లో ఉన్న ప్రతి డబ్బా వెనక ఫొటోనూ గూగుల్ ఫొటోస్‌లో ఒక ఆల్బమ్‌గా పెట్టుకోండి. దానికి ఫొటోల్లోని అక్షరాలను కూడా వెతకడం వచ్చు. డాక్టరు రాసిన పేరు ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే, అది ఉన్న డబ్బాలు బయటికొస్తాయి. ఇంకో పెళ్లికూతురు "నాకు ఇది పడదండి" అన్నప్పుడు కూడా అదే ఆల్బమ్ పనికొస్తుంది. చీమకైనా హాని తలపెట్టని శాకాహారులు కొందరు లిప్‌స్టిక్ గురించి అడుగుతుంటారు. వాళ్ల కోసం సీఐ 75470 అని వెతకండి. అది కార్మైన్, పురుగుల నుంచి తీసే ఎరుపు.

మేకప్‌కి కనీసం రెండు రోజుల ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూడటం మానకండి. పెళ్లివారు హడావుడిలో ఉన్నా సరే, అడ్వాన్స్ తీసుకునే రోజే ఆ పని పెట్టుకోండి.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. యాప్ చూసేది డబ్బా మీద రాసినదాన్నే, డబ్బాలో ఉన్నదాన్ని కాదు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబడే క్రీములు వాడినవాళ్లకు మూత్రపిండాల జబ్బు రావడం వైద్యులు గుర్తించారు. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. మన రూల్స్ ప్రకారం పాదరసం కావాలని కలపకూడదు. తెలియకుండా చేరినా కంటి దగ్గర వాడేవాటిలో 70 పీపీఎం (పది లక్షల్లో 70 వంతులు), మిగతావాటిలో 1 పీపీఎం దాటకూడదు. కలిపినవాడు దాన్ని లేబుల్ మీద ఎందుకు రాస్తాడు? అందుకే ముందు చూడాల్సింది తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. ఇవి లేని "వారంలో తెలుపు" క్రీమును ఎవరు బహుమతిగా ఇచ్చినా కిట్‌లోకి రానివ్వకండి.

పారాబెన్ అనే ప్రిజర్వేటివ్ పేరు కనబడగానే యాప్‌లు ఎర్రరంగు చూపిస్తాయని భయపడి, ప్రిజర్వేటివ్ అసలే లేని ఇంటి తయారీ క్రీములకు మారేవాళ్లున్నారు. మన కోనసీమ గాలిలో తేమకి మూత తీసిన క్రీము ఎంత త్వరగా పాడవుతుందో మీకు నేను చెప్పాలా? నీళ్లు కలిసిన క్రీములో ప్రిజర్వేటివ్ లేకపోతే బూజు, సూక్ష్మజీవులు చేరతాయి. ఒకే బ్రష్ పదిమందికి తగిలే చోట అది ఇంకా ప్రమాదం. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటే, తెరిచాక అన్ని నెలలే వాడాలని అర్థం. తెరిచిన తేదీని డబ్బా మీదే రాసుకోండి.

ప్రశ్న: మాది ఉండి దగ్గర పల్లెటూరండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 అప్‌డేట్లు ఆగిపోయాయని లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. వేగం బాగానే ఉంది గానీ బోసిగా ఉంది. అందంగా మార్చుకుందామని ఒక వీడియో చూసి ఏదో చేస్తే కింద ఉండే ప్యానెల్ మొత్తం మాయమైపోయింది. నాన్న చెరువుల లెక్కలు ఇందులోనే రాస్తారు, అక్షరాలు కనబడట్లేదంటున్నారు. స్లో అవకుండా ఎలా మార్చుకోవాలి?
ఒక బీటెక్ విద్యార్థి

జవాబు: ముందు ప్యానెల్ వెనక్కి తెచ్చుకుందాం. ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ఎక్స్‌ఎఫ్‌సీఈ4, హైఫన్, ప్యానెల్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఆగిపోయిన ప్యానెల్ అయితే వెంటనే వస్తుంది. వచ్చినా చిందరవందరగా ఉంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ప్యానెల్ ప్రొఫైల్స్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి. మెనూ లేకపోయినా డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేస్తే అప్లికేషన్స్ కనబడతాయి. ఆ ప్రోగ్రామ్‌లో ముందే తయారుగా ఉన్న అమరికలుంటాయి. రెడ్మండ్ అనేది విండోస్‌లా ఉంటుంది, మీ నాన్నగారికి అలవాటైన పద్ధతే. ఇకమీద ఏది మార్చినా ముందు ఇందులో మీ అమరికను సేవ్ చేసుకోండి. మింట్‌లో బ్యాకప్ తీసే టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అనుకోకండి. అది మామూలుగా సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, మీ హోమ్ ఫోల్డర్ జోలికి పోదు. ప్యానెల్ సెట్టింగ్స్ ఉండేదేమో హోమ్ ఫోల్డర్‌లో.

నాన్నగారికి విడిగా ఒక యూజర్ అకౌంట్ తెరవండి. సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ గ్రూప్స్‌లో రెండు నిమిషాల పని. మీ ప్రయోగాలు ఆయన తెర మీదికి రావు. ఆయన అకౌంట్‌లో అప్పియరెన్స్ తెరిచి, ఫాంట్స్ దగ్గర కస్టమ్ డీపీఐని 96 నుంచి 115 దాకా పెంచి చూడండి. మెనూలు, అక్షరాలు అన్నీ కలిసి పెరుగుతాయి. తెలుగుకి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ పెట్టండి, ఒత్తులు విడివిడిగా కనబడతాయి. అక్షరాలు పెరిగాక కొన్ని కిటికీలు తెర దాటి, కింద ఉన్న ఓకే బటన్ కనబడదు. ఆల్ట్ నొక్కి పట్టుకుని మౌస్‌తో కిటికీని ఎక్కడైనా పట్టి పైకి లాగొచ్చు.

ఆయన లెక్కలు లిబ్రెఆఫీస్‌లో రాస్తుంటే ఇంకొకటి తప్పక చేయండి. ఆటోరికవరీ మామూలుగా 10 నిమిషాలకు ఒకసారి ఉంటుంది. టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్ అనే వరసలో వెళ్లి దాన్ని 2 నిమిషాలు చేయండి. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్, పైన కరెంటు కోత. మేత లెక్క మొత్తం మళ్లీ రాయించకండి ఆయన చేత.

ఇప్పుడు అందం. థీమ్, ఐకాన్లు, వాల్‌పేపర్ మారిస్తే వేగం పెద్దగా తగ్గదు, ధైర్యంగా మార్చుకోండి. కదిలే వాల్‌పేపర్లు, ర్యామ్, ప్రాసెసర్ వాడకం చూపిస్తూ నిరంతరం అంకెలు మార్చే కాంకీ, అదనపు డాక్ లాంటివి మాత్రం ర్యామ్ తింటాయి, మీ 4 జీబీకి ఒకటి చాలు. నీడలు, పారదర్శకత వద్దనుకుంటే విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ ఆపేయొచ్చు. అయితే కొన్ని మెషీన్లలో అది ఆపితే వీడియో మధ్యలో చీలినట్టు కనబడుతుంది, అప్పుడు మళ్లీ పెట్టుకోండి. సెషన్ అండ్ స్టార్టప్‌లో ఆటోస్టార్ట్ జాబితా చూసి, మీకు బ్లూటూత్ అవసరం లేకపోతే దాని టిక్ తీసేయండి. పేరు చూసి ఏంటో తెలియనిదాన్ని ముట్టుకోవద్దు.

బయటి నుంచి దించుకున్న థీమ్‌ను హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే థీమ్స్ ఫోల్డర్‌లో విప్పితే చాలు. ఆ ఫోల్డర్ లేకపోతే మీరే చేసుకోండి. దాగిన ఫోల్డర్లు కంట్రోల్, హెచ్ నొక్కితే కనబడతాయి. థీమ్ వేయడానికి టెర్మినల్‌లో సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే ఆదేశం) కొట్టమని, ఏదో స్క్రిప్ట్ నడపమని వీడియో చెబితే అక్కడే ఆపేయండి. 2024 మార్చిలో లైనక్స్‌లోనే ఇంకో రకమైన కేడీఈ డెస్క్‌టాప్‌కి ఒక గ్లోబల్ థీమ్ వేసుకున్న వ్యక్తి ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ థీమ్‌తో పాటు కోడ్ కూడా నడవడమే కారణం. ఎక్స్‌ఎఫ్‌సీఈ థీమ్‌లు రంగులూ బొమ్మలే, వాటికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఎందుకు?

ఇంకా వేగం కావాలంటే థీమ్‌ల వైపు చూడకండి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. డబ్బు పెట్టదలిస్తే దానికే పెట్టండి. మిగతా భారమంతా బ్రౌజర్‌దే, ట్యాబ్‌లు తక్కువ తెరవండి.

ప్రశ్న: తణుకులో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. నా పాత కంప్యూటర్లు విండోస్ 11కి పనికిరావంటున్నారు. అన్నింటికీ లైనక్స్ వేసేయమంటారా?
ఒక పాఠకుడు

జవాబు: అన్నింటికీ వద్దండి. మీ పని పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద నడుస్తుంటే లైనక్స్‌లో అడుగడుగునా ఇబ్బంది పడతారు. ఆధార్ వేలిముద్ర స్కానర్లకు కావాల్సిన ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌లకే వస్తుంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కాబట్టి, పేజ్‌మేకర్ ఉన్న మెషీన్‌కి ఇంటర్నెట్ తీసేసి ఆ పనికే ఉంచండి. మెయిల్, వాట్సాప్, ఆన్‌లైన్ దరఖాస్తులు, జిరాక్స్ కోసం వచ్చే పీడీఎఫ్‌లు చూడటానికి రెండోదాంట్లో మింట్ వేయండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి మీ ప్రింటరు పనిచేస్తుందో లేదో చూసుకోండి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లు లైనక్స్‌లో మొండికేస్తాయి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు ముందు మింట్ ఉన్నదాంట్లోనే పెట్టి, కావాల్సిన ఫైలు మాత్రం మీ సొంత పెన్‌డ్రైవ్‌లో విండోస్‌కి తీసుకెళ్లండి.