ఆక్రమణ ముగిసినా భయం ఎందుకు పోదు?
ఉక్రెయిన్‌లోని ఖేర్సన్ నగరం 2022 మార్చి నుంచి నవంబర్ దాకా రష్యా సైన్యం చేతిలో ఉంది. సైన్యం వెళ్లిపోయినా అక్కడి జనం ఎందుకు కోలుకోలేరని నన్ను ఒకరు అడిగారు. తలుపు చప్పుడైతే ఎవరొచ్చారోనని నెలల తరబడి బతికిన ఒంటికి ఆ అలవాటు వెంటనే పోదు. చిన్నపిల్లలు ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, అమ్మ కొంగు వదలరు. టీనేజ్ వాళ్లకు కోపం, లేదంటే మౌనం. పెద్దలకు నిద్ర పట్టదు. ముసలివాళ్లు గుండె దడ, ఒళ్లు నొప్పులు అంటారే తప్ప భయమని చెప్పరు. అందుకే వాళ్ల బాధ ఎవరికీ కనపడదు, నాకు ఎక్కువ దిగులు వాళ్ల గురించే.

విజయవాడలో మా పక్కింటి మెడిసిన్ కుర్రాడు ఉక్రెయిన్‌లోనే ఉన్న ఖార్కివ్ నగరంలో బాంబుల మధ్య నుంచి వచ్చాడు. ఆక్రమణ చూడలేదు. అయినా దీపావళి రాత్రి చెవులు మూసుకుని మంచం పక్కన నేల మీద కూర్చుంటాడు. అలాంటి వాళ్లను ‘ఇంకా భయమేంట్రా’ అనకండి, పక్కన కూర్చోండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.