రెండు సైకిళ్ల పొడవు

ప్రశ్న: మా అబ్బాయికి 31 ఏళ్లు. పదహారో ఏట నుంచి ట్రాక్ సైక్లింగ్‌లో స్ప్రింట్ పోటీలకు వెళ్తున్నాడు. జాతీయ స్థాయిలో రెండు పతకాలు వచ్చాయి. స్పోర్ట్స్ కోటాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కూడా ఆ పతకాలతోనే దొరికింది. మూడేళ్ల క్రితం 200 మీటర్లు 10.7 సెకన్లలో తొక్కినవాడు పోయినసారి జాతీయ పోటీల్లో 10.9 తొక్కి మొదట్లోనే వెనుదిరిగాడు. ఇక్కడ బీచ్ రోడ్డులో నా వాచీలో అయితే 11.1 దాటుతోంది. అది చూసి సాధన ఇంకా పెంచాడు. డ్యూటీకి ముందు రోజూ భీమిలి దాకా వెళ్లి వస్తున్నాడు. ఇక చాలు అంటే ‘టూర్ ద ఫ్రాన్స్‌లో కావెండిష్ 39 ఏళ్లకు గెలవలేదా?’ అంటాడు. డిగ్రీ రెండో సంవత్సరంలోనే ఆగింది. పెళ్లి మాట ఎత్తనివ్వడు. చిన్నప్పటి నుంచి వాడి కోసం స్టాప్‌వాచ్ పట్టుకున్నది నేనే. ఇంకా ఎన్నాళ్లు పట్టుకోమంటారు?
– ఒక తండ్రి, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: ముందు మీ వాచీ సంగతి చూద్దాం. 10.7, 10.9 అనేవి వెలోడ్రోంలో, అంటే సైకిల్ పోటీల ట్రాక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరం చెప్పిన అంకెలు. 11.1 మీ బొటనవేలు చెప్పిన అంకె. వెలోడ్రోంలో మీవాడు వాలుగా ఉన్న గట్టు పైకి ఎక్కి, అక్కడి నుంచి కిందికి దూకి ఆ వేగంతో గీత దాటుతాడు. బీచ్ రోడ్డులో ఆ గట్టు లేదు, పైగా సముద్రపు గాలి ఒకటి. చేత్తో నొక్కే వాచీలో ఒకటి రెండు పదో వంతులు అటూ ఇటూ పోవడం మామూలే. పదిహేనేళ్లలో మీ వేలికీ వయసు పెరిగింది కదా, కోపం తెచ్చుకోకండి. కాబట్టి మీవాడు నిజంగా కోల్పోయింది 0.2 సెకన్లు. ఆ వేగంలో అది మూడున్నర మీటర్ల పైచిలుకు, అంటే దాదాపు రెండు సైకిళ్ల పొడవు. స్ప్రింట్‌లో అది తక్కువేమీ కాదు. కానీ మీ ఇంట్లో ఇప్పుడు అందరూ భయపడుతున్నది అందుకు రెట్టింపు దూరాన్ని చూసి.

మీ ఉత్తరంలో నేను రెండోసారి చదువుకున్న మాట ‘భీమిలి’. మల్కాపురం నుంచి వెళ్లి రావాలంటే డెబ్బై కిలోమీటర్ల దాకా అవుతుంది. మీవాడి వేగం కొలిచేది 200 మీటర్లకే! నేను సైకిల్ తొక్కింది కాలేజీ రోజుల్లోనే. అది కూడా ఏవీఎన్ కాలేజీ డౌన్‌లో దిగేటప్పుడు మాత్రమే, ఎక్కేటప్పుడు తోసుకుంటూ పోయేవాడిని. అందుకని కోచ్‌లా మాట్లాడను. అయితే నా దగ్గరికి వచ్చే క్రీడాకారుల్లో ఒక అలవాటు పదేపదే చూశాను. టైమింగ్ పడిపోగానే కంగారుపడి సాధన పెంచేస్తారు. ఇరవై రెండేళ్లప్పుడు ఒళ్లు దాన్ని మోస్తుంది, ముప్ఫై దాటాక అదే సాధన అప్పులా పేరుకుంటుంది.

స్ప్రింటర్‌కు కావలసింది కొన్ని సెకన్ల పాటు ఒక్క పెట్టున వచ్చే బలం. అది వేగంగా బిగుసుకునే కండరపు పోగుల నుంచి వస్తుంది. వయసు మీద పడేటప్పుడు ముందుగా సన్నబడేవి అవే, ఓర్పునిచ్చే పోగులు ఇంకా చాలా కాలం నిలుస్తాయి. వేగపు పోగులను కాపాడేవి జిమ్‌లో ఎత్తే బరువులు, ఆగి ఉన్న చోటు నుంచి ఒక్కసారిగా లాగే స్టాండింగ్ స్టార్టులు, ఒక్కో ప్రయత్నానికీ మధ్య పది పదిహేను నిమిషాల పూర్తి విశ్రాంతి. ఉప్పుగాలిలో, చెమటలో రోజూ డెబ్బై కిలోమీటర్లు తొక్కి ఆ కాళ్లతోనే డ్యూటీకి పోయేవాడికి ఈ మూడూ కుదరవు. అంటే, పోయిన ఆ రెండు సైకిళ్ల దూరంలో వయసు వాటా ఎంతో, అలసట వాటా ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అది తేలకుండా ‘ఆపెయ్’ అన్నా తొందరపాటే, ‘ఇంకొక్క సీజన్’ అన్నా తొందరపాటే.

తేల్చడానికి మూడు నెలలు చాలు. స్పోర్ట్స్ మెడిసిన్ తెలిసిన డాక్టరుకు చూపించి రక్త పరీక్షలు చేయించండి. హీమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, డి విటమిన్, బి12 చూస్తారు. భీమిలి ప్రయాణం మానిపించండి. వారానికి రెండు రోజులు సైకిల్ ముట్టకూడదు. స్ప్రింట్ కోచ్ ఒకరు రాసిచ్చిన పద్ధతిలోనే సాధన సాగాలి. చివర్లో హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో వెలోడ్రోంలో ఒక్క పరీక్ష. ఏ అంకె వస్తే కొనసాగాలి, ఏది వస్తే ఆపాలి అన్నది మీవాడే రాయాలి. సాధన మొదలుపెట్టే ముందే రాయాలి, కాగితం మీద, తేదీతో సహా. మీరు గానీ నేను గానీ ఆ అంకె చెప్పకూడదు.

ఈ మూడు నెలల్లో ఒక ప్రమాదం ఉంది. దాన్ని మాత్రం మెత్తగా చెప్పలేను. టైమింగ్ జారుతున్న ముప్ఫై ఏళ్ల క్రీడాకారుడి చుట్టూ ‘ఒక్క కోర్సు వాడు, పాత వేగం వచ్చేస్తుంది’ అనేవాళ్లు చేరతారు. ఇంజెక్షన్ అంటారు, పొడి అంటారు, ఆయుర్వేదం అని కూడా అంటారు. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) పరీక్షలో స్టెరాయిడ్ దొరికితే తొలి తప్పుకే నాలుగేళ్ల నిషేధం పడవచ్చు. డబ్బాలో ఏముందో నాకు తెలియదంటే సరిపోదు, ఒంట్లో దొరికినదానికి క్రీడాకారుడే బాధ్యుడు. 31కి నాలుగు కలిపి చూసుకోండి. ఆ తర్వాత పతకాలతో వచ్చిన ఉద్యోగంలో కూర్చుని ఆ సంగతి రోజూ మోయాలి. కాబట్టి డాక్టరు రాసిన మందుకూ, దుకాణంలో కొన్న ప్రోటీన్ పొడికీ కూడా నిషేధిత జాబితా చూసుకోవాలి.

ఇక కావెండిష్. మీవాడు చెప్పింది నిజమే. 2024 జులై 3న సాం-వుల్బాలో గెలిచి, రోజుకో దశగా సాగే టూర్ ద ఫ్రాన్స్‌లో 35వ దశ విజయంతో ఎడ్డీ మెర్క్స్ రికార్డు దాటాడు, అప్పుడు ఆయనకు 39. కానీ ఆ కథలో మీవాడు దాటేస్తున్న భాగం ఒకటుంది. 2017లో ఆయనకు ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిందని తేలింది. 2018 ఫిబ్రవరి తర్వాత మూడేళ్లకు పైగా ఒక్క గెలుపూ లేదు. ఆయన పడిపోవడానికి కారణం వయసు ఒక్కటే కాదు, ఒంట్లో జబ్బు ఉంది. దాన్ని పరీక్షల్లోనే కనుక్కున్నారు. మళ్లీ లేచాక 2021లోనూ, 2024లోనూ ముందు నడిచి దారి చేసిపెట్టడానికి మైకేల్ మోర్కోవ్ వంటి సహచరుడు ఉన్నాడు. పైగా అది రోడ్డు రేసు. గంటల తరబడి తొక్కాక ఎవరి వెనుక దాగాలో, ఎప్పుడు బయటపడాలో తెలిసినవాడికి అక్కడ అనుభవం కాళ్లకు సాయం చేస్తుంది. ఒంటరిగా 200 మీటర్లు తొక్కేవాడికి ముందు గాలి తప్ప ఎవరూ ఉండరు. అదే రోడ్డు స్ప్రింటుల్లో టూర్‌లో 14 దశలు గెలిచిన మార్సెల్ కిట్టెల్ 2019లో, సరిగ్గా మీవాడి వయసులోనే, సైకిల్ పక్కన పెట్టాడు. అతనిదీ తప్పు కాదు.

మీవాడు చూడవలసింది బ్రిటన్ సైక్లిస్ట్ క్రిస్ హోయ్‌ని. ఆయనదీ ట్రాకే. 2004 ఏథెన్స్‌లో కిలోమీటరు టైం ట్రయల్‌లో స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత ఒలింపిక్స్ నుంచి ఆ పోటీనే ఎత్తేశారు. కూర్చుని ఏడవకుండా స్ప్రింట్, కైరిన్ అనే ట్రాక్ పోటీలు పట్టుకుని 2008 బీజింగ్‌లో మూడు స్వర్ణాలు తెచ్చాడు. 2012 లండన్‌లో వ్యక్తిగత స్ప్రింట్‌కు దేశానికి ఒక్కరికే చోటు ఉంటే అది కుర్రవాడైన జేసన్ కెన్నీకి దక్కింది. 36 ఏళ్ల హోయ్ టీమ్ స్ప్రింట్‌లోనూ, కైరిన్‌లోనూ స్వర్ణాలు గెలిచాడు. ఏ తలుపు మూసుకుందో, ఏది తెరిచి ఉందో చూసుకుని ఆయన పోటీ మార్చుకున్నాడు. కైరిన్‌లో మోటారు బండి వెనుక వేగం పెంచుకుంటూ పోయి, అది తప్పుకున్నాక చివరి చుట్లలో చోటు కోసం పెనుగులాడాలి. పదిహేనేళ్లు తొక్కినవాడి కన్ను అక్కడ పనికొస్తుంది. కిలోమీటరు పోటీకీ, టీమ్ స్ప్రింట్‌లో మూడోవాడిగా తొక్కే చోటుకీ తొలి దూకుడు కన్నా నిలకడ ముఖ్యం. మూడు నెలల తర్వాత 200 మీటర్ల అంకె నిరాశపరిచినా, ఈ పోటీల్లో ఒకసారి చూసుకోమనండి.

ఉద్యోగం సంగతి. నియామక పత్రంలోని షరతులు తీసి చదవండి, ఎవరో చెప్పినది నమ్మకండి. ఆట మానితే ఉద్యోగం ఊడుతుందన్న భయం ఇలాంటి ఇళ్లన్నిటిలోనూ ఉంటుంది. మామూలుగా జరిగేదేమిటంటే సాధనకిచ్చే సడలింపు పోయి పూర్తి డ్యూటీ పడుతుంది. అప్పుడు పదోన్నతి శాఖాపరమైన పరీక్షల మీద ఆధారపడుతుంది, పతకాల మీద కాదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మీరు ఒక్క వాక్యంలో దాటేసిన డిగ్రీ. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమాకైనా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీపీఈడీకైనా తలుపు దగ్గర అడిగేది డిగ్రీయే. వయోపరిమితులు కూడా ఉంటాయి, ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి. ఇగ్నోలో గానీ, ఆంధ్ర విశ్వవిద్యాలయ దూరవిద్యలో గానీ ఈ ఏడాదే చేరమనండి. పాత మార్కుల జాబితాలు పనికొస్తాయేమో అక్కడే అడగండి. రేసులు ఆపాక చదువుతాడులే అని వదలకండి. చదువు మొదలైతే ఆట ముగిసినట్టేనని అతని భయం. ఆ ముడి విప్పాలంటే రెండూ కొంతకాలం కలిసే నడవాలి. గట్టు మీద నుంచి ఎప్పుడు దూకాలో కాళ్లతో నేర్చుకున్నవాళ్లు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారు? కోచ్‌గానో, పోటీల న్యాయనిర్ణేతగానో మీవాడికి చోటు ఉంది.

పెళ్లి నా పరిధిలోది కాదు. దానికీ 10.9కీ సంబంధం లేదని మాత్రం చెప్పగలను.

స్టాప్‌వాచ్ ఈ మూడు నెలలూ సొరుగులో పెట్టండి. అన్నం దగ్గర టైమింగ్ అడగకండి. పదిహేనేళ్ల అలవాటు కదా, తెల్లవారుజామున నాలుగున్నరకు మీకు మెలకువ వస్తుంది. వస్తే మీరొక్కరే బీచ్ దాకా నడిచి రండి. అబ్బాయిని లేపకండి.